జాబితాలో ముప్పై రెండో వస్తువు

ప్రయాణానికి ముందు "ఏం తెచ్చుకోవాలి?" అని అడిగే మనిషి ఉత్తముడు. అడిగి, చెప్పిందంతా తెచ్చుకునే మనిషి ఉత్తమోత్తముడు. నలభై ఏడు వస్తువుల జాబితా చేతపట్టుకుని, అందులో ఒక్కటీ వదలకుండా మూడు సూట్‌కేసుల్లో కుక్కుకుని, రెండు రోజుల కోసం మా స్వాల్‌బార్డ్ దీవిలో దిగే మనిషి ఉన్నాడే, అతనికి కూడలిలో విగ్రహం పెట్టినా తప్పులేదు!

నవ్వకండి. నేను వేళాకోళం ఆడటం లేదు.

ఈమధ్య కొందరు తెలివిపరులు బయలుదేరారు. "తక్కువ సామానుతో తిరగండి, ఒక్క సంచీ చాలు, మనసు తేలికగా ఉంటుంది" అని ఊదరగొడుతున్నారు. ఉత్తర ధ్రువానికి కూతవేటు దూరంలో మనసు తేలికగా ఉంటే ఏం లాభం? గాలికి మనిషే తేలిపోతాడు! సామాను బరువు వల్లే కదా మా విమానాశ్రయం నుంచి చాలామంది నిలువుగా నడిచి బయటికి రాగలుగుతున్నారు?

ఈ విషయం మాట్లాడటానికి నాకు అర్హత ఉంది. నా పేరు గున్‌వోర్. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇక్కడి పాత రోప్‌వే గెస్ట్‌హౌస్ వసారాలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ల చేత బూట్లు విప్పిస్తున్నాను. ఇక్కడ ఏ గడప దాటాలన్నా బూట్లు విప్పాల్సిందే. బొగ్గు గనుల కాలంలో గనిలోంచి వచ్చినవాళ్లు ఇల్లంతా నలుపు చేస్తున్నారని ఆడవాళ్లు పెట్టిన నియమం అది. గనులు మూతపడ్డాయి. నియమం మూతపడలేదు.

వచ్చిన ప్రతి మనిషినీ నేను అడిగేది రెండే ప్రశ్నలు. బూటు సైజు ఎంత? ఎన్ని రోజులుంటారు? మొదటిది ఉన్ని చెప్పులు ఇవ్వడానికి. రెండోది రిజిస్టర్లో రాయడానికి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, చివర్లో చెబితే జాలి కోసం దాచానంటారు. ఈ నెల ఇరవై ఎనిమిదిన నేను ఈ దీవి వదిలి వెళ్లిపోతున్నాను. డెబ్బై ఒకటి నిండాయి, ఎడమ తుంటి మొరాయించింది, గెస్ట్‌హౌస్ వాళ్లు ఇక చాలన్నారు. ఇక్కడ ఇల్లు మనిషికి ఇవ్వరు, ఉద్యోగానికి ఇస్తారు. ఉద్యోగం లేచిపోతే ఇల్లూ లేచిపోతుంది. కాబట్టి ఈ వ్యాసం నోరు తెరుచుకున్న సూట్‌కేసు పక్కన కూర్చుని రాస్తున్నాను. అది నా గొడవ, మీది కాదు. మనం జాబితా సంగతి చూద్దాం.

ఆ జాబితా రాసింది నేనే!

అవును, మీ చేతుల్లో ఉన్నదే. ప్రయాణాల కంపెనీలు పంపేదే, పత్రికల్లో వచ్చేదే, ఇంటర్నెట్‌లో ఎవరు పడితే వాళ్లు తమ పేరు పెట్టుకుని వేసుకునేదే. పందొమ్మిదేళ్ల కింద గెస్ట్‌హౌస్ యజమాని ఐవిన్ నా దగ్గరికొచ్చి, "గున్‌వోర్, అతిథులు రోజూ ఉత్తరాలు రాసి చంపుతున్నారు. ఏం తెచ్చుకోవాలో నాలుగు ముక్కలు రాసివ్వు" అన్నాడు. నేను ఒక కాగితం మీద పన్నెండు వస్తువులు రాసిచ్చాను. ఉన్ని బనీను, ఉన్ని లాగు, దాని మీద ఇంకో ఉన్ని లాగు, అలాగన్నమాట. నూలు బట్ట మాట ఎత్తలేదు. చెమట పట్టాక నూలు బట్ట చేసే ద్రోహం పగవాడు కూడా చెయ్యడు.

అదే కాగితం మీద కింద, నా సొంత పనికి ఇంకో రెండు ముక్కలు రాసుకున్నాను. ఈస్టర్‌కి మా చెల్లెలు బోర్గ్‌హిల్ నార్వే గడ్డ మీది బెర్గెన్ ఊరి నుంచి వస్తోంది. దాని చేత తెప్పించుకోవాల్సినవి అవి. ఒకటి, చీజ్ చాకు. చాకంటే చాకు కాదు. చిన్న అట్లకాడలా ఉండి మధ్యలో పదునైన చీలిక ఉంటుంది, చీజ్ గడ్డ మీద అలా లాగితే పల్చటి పొర లేచి వస్తుంది. అది లేని ఇల్లు మా నార్వేలో ఉండదు. నాది పిడి ఊడిపోయింది. రెండోది, కొంచెం ఓపిక. మా చెల్లెలు వచ్చిన పూట నుంచే తిరుగు ప్రయాణం గురించి మాట్లాడుతుంది, అందుకని వెటకారంగా రాశాను.

ఐవిన్ ఆ కాగితం తీసుకెళ్లి, పైనుంచి కిందిదాకా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి ప్రపంచానికి పంపేశాడు.

అప్పట్లో చీజ్ చాకు పదమూడో వస్తువు. తర్వాత ప్రతి కంపెనీవాడూ తన తెలివి కొంత కలిపాడు. నలభై ఏడు అయ్యేసరికి చీజ్ చాకు ముప్పై రెండో స్థానానికి జారింది. కొంచెం ఓపిక ముప్పై మూడు.

మొదట్లో చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ ఏడాదే జపాన్ నుంచి ఒక పెద్ద వయసు జంట వచ్చింది. బూట్లు విప్పారు, వరుసగా పెట్టారు, సంచీలోంచి కొత్త చీజ్ చాకు తీసి, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి నాకు అందించారు. ఇది ఇక్కడి ఆచారం అనుకున్నారు! మీరైతే ఏం చేస్తారు? "అయ్యో, అది మా చెల్లెలికి రాసిందండీ" అంటారా? నేను కూడా తల వంచి పుచ్చుకున్నాను. ఆ పూట నుంచి అది ఇక్కడి ఆచారమైంది.

దేశదేశాల వాళ్లు దానికి చెప్పుకునే కారణాలు వింటే ముచ్చటేస్తుంది. బండి అద్దం మీది మంచు గీకడానికట. స్కీ చెక్కల అడుగున అంటిన మైనం తీయడానికట. ఒక జర్మన్ ఇంజనీరు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఎలుగుబంటి ఎదురైతే దీన్ని ఎలా పట్టుకోవాలి?" అని అడిగాడు. "దాన్ని కింద పడేసి పరుగెత్తాలి" అన్నాను. నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఇప్పుడు బట్టలారే గది గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన చాకులు రెండు వందల పన్నెండు. మా ఊళ్లో అంత చీజ్ ఏనాడూ దిగలేదు.

ఓపిక సంగతి అడక్కండి. దాన్ని మాత్రం ఎవరూ తేలేదు.

సరే, ఈ జాబితా వల్ల లోకానికి జరిగిన మేలు చెబుతాను.

మొదటిది, ఋతువుల బెడద వదిలింది. "జూలైలో వస్తున్నాం, వేసవి బట్టలకు వేరే జాబితా ఉందా?" అని అడుగుతారు. లేదండీ! జనవరికి, జూలైకి ఒకటే జాబితా. మాకున్నవి రెండే కాలాలు, కోటు గుండీలు పెట్టుకునేది, పెట్టుకోనిది. రెండోది పోయిన ఏడాది ఒక మంగళవారం వచ్చింది. మిగతా ప్రపంచంలో ఆడవాళ్లూ మగవాళ్లూ ఏ ఋతువుకు ఏం కట్టుకోవాలా అని బీరువాల ముందు నిలబడి జీవితాలు వృథా చేసుకుంటున్నారు. మాకు ఆ ఆలోచనే లేదు.

రెండోది, సమానత్వం. నలభై ఏడింటిలో తొడుక్కోవాల్సినవన్నీ తొడుక్కున్నాక ఎవరెవరో ఎవరు పోల్చుకోగలరు? కళ్లు తప్ప ఏమీ కనపడవు. పోయిన మార్చిలో ఒక పెద్ద కంపెనీ అధిపతి తన భార్య అనుకుని మా వంటమనిషి చెయ్యి పట్టుకుని మంచుగుహ దాకా నడిచాడు. దారిపొడుగునా తన వ్యాపారం కష్టాలన్నీ చెప్పుకున్నాడు. గుహలో టోపీలు తీశాకగానీ తెలియలేదు. ఇంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్లు ఇరవై ఏళ్లలో లేరని ఆయన తర్వాత నాతో అన్నాడు.

మూడోది, వినయం. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

జూలైలో బెల్జియం నుంచి బెనువా అనే లాయరుగారు, ఆయన భార్య సోలాంజ్ వచ్చారు. మూడు సూట్‌కేసులు. ఆయన ఒంటి మీది కోటు పర్వతాలెక్కేవాళ్లు వేసుకునే రకం. దాని జేబులో దిక్సూచి, ఆ జేబుకి ఇంకో జేబు. వసారాలో నిలబడి నా వైపు చూశాడు.

"మేడమ్, బూట్లు విప్పడం తప్పనిసరా?"

"తప్పదండీ. ఇక్కడ రాజుగారొచ్చినా విప్పాల్సిందే."

"చట్టంలో ఉందా?"

"నేల మీద ఉంది. నిన్ననే తుడిచాను."

ఆయన చాలాసేపు తాళ్లతో కుస్తీ పట్టాడు. చివరికి బూటు ఊడింది. ఉన్ని సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి మా అందర్నీ పలకరించింది.

సోలాంజ్ ముఖం కందగడ్డ అయింది. "చూశారా ఈయన గొప్ప! దిక్సూచి తెచ్చాడు. ఈలలు రెండు తెచ్చాడు. ఆ దిక్కుమాలిన చీజ్ చాకు కోసం ఊరంతా తిరిగి కొన్నాడు. చిల్లులేని సాక్సులు మాత్రం తేలేకపోయాడు!"

"జాబితాలో పదకొండో నంబరు చూడు" అన్నాడాయన తొణక్కుండా. "'మందపాటి ఉన్ని సాక్సులు, నాలుగు జతలు.' మందం ఉంది. ఉన్ని ఉంది. నాలుగు జతలున్నాయి. చిల్లు ఉండకూడదని ఎక్కడ రాశారు?"

"నాలుగు జతలకీ ఉందా?" అని అడిగింది సోలాంజ్.

ఆయన కేసు ఓడిపోయినట్టు వంగి, రెండో బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఇది ఆయన ఒక్కడి కథ కాదు. ఎంత గొప్పవాడైనా కోటు కొనేటప్పుడు లోకం కోసం కొంటాడు, సాక్సు తన కోసం ఉంచుకుంటాడు. తన కోసం ఉంచుకున్నదానికి చిల్లు పడుతుంది. వేలు బయటపడ్డ మనిషి ఆ రెండు రోజులూ ఎవరి మీదా నోరు చేసుకోడు, కాఫీ చల్లారిందని గోల చెయ్యడు. నా పని ఆ వేలిని చూడనట్టు ఊరుకుని, సైజు అడిగి చెప్పులు ఇవ్వడం. నేను చదువుకున్న మర్యాద అంతా ఇంతే. ఇంతకంటే ఎక్కువ అవసరం కూడా రాలేదు.

వెళ్లేటప్పుడు వాళ్లు ఒక సూట్‌కేసు వదిలేసి వెళ్లారు. అందరూ వదిలేస్తారు. బెల్జియంలో, బ్రెజిల్‌లో ఆ కోట్లు ఏం చేసుకుంటారు? అవన్నీ మా బట్టలారే గదిలో చేరతాయి, కావలసినవాళ్లు తీసుకుంటారు. అదే నాలుగో మేలు. మా ఊరంతా మీ సామానే! బడి టీచరమ్మది మిలాన్ నుంచి వచ్చిన గులాబీ రంగు కోటు. మంచు తీసే బండి నడిపే ఆయన తలకి సియోల్ సినిమా తార ఎవరో వదిలివెళ్లిన బొచ్చు టోపీ. తక్కువ సామాను బోధించే తెలివిపరుల మాట మీరు విన్నారంటే మా ఊరి పరువు మంచులో కలుస్తుంది, గుర్తుంచుకోండి.

కానీ వదిలేసి వెళ్లేది అతిథులే కాదు.

ఇక్కడ కాపురముండేవాళ్లూ చాలామంది అంతే. మూడేళ్లు, నాలుగేళ్లు, మహా అయితే ఏడేళ్లు. వెళ్లే ముందు కోటు విప్పి, లోపలి అస్తరు మీద ఇంకుతో తమ పేరు రాసి, గదిలో తగిలించి వెళతారు. నా ఎర్ర కోటు అస్తరు మీద మూడు పేర్లున్నాయి. హల్వార్, ఆయన కింద టూరిడ్, ఆమె కింద యూరి. నేను వచ్చినప్పుడు నా ఒంటి మీద ఉన్నది పల్చటి వానకోటు. ఒక్క చలికాలం ఉందామని వచ్చాను, ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎవరో ఈ ఎర్ర కోటు నా భుజాల మీద వేశారు. చలికాలం అయిపోయింది. కోటు విప్పబుద్ధి కాలేదు.

మాలై కూడా అంతే. పద్నాలుగేళ్ల కింద థాయ్‌లాండ్ నుంచి, ఫిబ్రవరి నెలలో, కాన్వాసు బూట్లతో దిగింది. సంచీలో ఎండుమిరపకాయలు, చేపల సాస్ సీసా. అంతే! జాబితా మాట దానికి తెలియదు. వసారాలో నిలబడి పళ్లు కటకటలాడిస్తూ నా రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయింది. ఇప్పుడు గెస్ట్‌హౌస్ వంటిల్లంతా దానిదే. కంపెనీ అధిపతి చెయ్యి పట్టుకున్నది దానిదే.

మీరు గమనించారో లేదో. జాబితా ప్రకారం అన్నీ తెచ్చుకున్నవాళ్లు రెండో రోజు వెళ్లిపోయారు. ఏమీ తెచ్చుకోనివాళ్లం ఉండిపోయాం. ఇది నా వాదానికి కాస్త అడ్డు తగిలే విషయమే. చూసీ చూడనట్టు వదిలేయండి.

ఇక ఐవిన్ సంగతి. ఆగస్టు మొదట్లో వసారాలోకి వచ్చి బూట్లతో అలాగే నిలబడ్డాడు.

"గున్‌వోర్, నీతో ఒక మాట."

"ముందు బూట్లు విప్పు."

విప్పాడు. బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. అతని సాక్సుకీ చిల్లు ఉంది, నేను చూడలేదు.

"మొన్న మెట్ల మీద జారావట. మాలై చెప్పింది."

"మాలైకి పుట్టుకతోనే నోరు ఆగదు."

"ఇంకోసారి పడితే? మంచం పడితే? ఇక్కడ ముసలివాళ్లని చూసుకునే చోటు లేదు, నీకు తెలియంది కాదు. నేనేం చెయ్యను? నీ గది కొత్తగా వచ్చేవాళ్లకి ఇవ్వాలి. నాకు మాత్రం ఇష్టమా?"

పాపం, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, మంచివాడే. నేను కోపం తెచ్చుకుందామని ఎంతో ప్రయత్నించాను.

"ఎక్కడికి పొమ్మంటావ్?"

"బెర్గెన్‌లో మీ చెల్లెలుంది కదా. నువ్వు ఎప్పుడు కావాలన్నా రావచ్చు, గున్‌వోర్. మాకు అతిథిగా రా."

"అతిథిగానా?"

"ఎప్పుడైనా. ఏ నెలైనా. రెండు రోజులో, మూడు రోజులో ఉండి వెళ్లు."

రెండు రోజులో, మూడు రోజులో! ముప్పై ఒక్క ఏళ్లు ఆ ప్రశ్న నేను అందర్నీ అడిగాను. ఒకరు ఎదురుగా కూర్చుని నాకు జవాబు చెప్పడం అదే మొదటిసారి.

నిన్న మాలై నా సామాను సర్దడానికి వచ్చింది. తన దేశం అలవాటు కొద్దీ నన్ను పెద్దమ్మా అంటుంది. మిగతా ఊరంతా నన్ను పేరు పెట్టే పిలుస్తారు, ఇక్కడ పసిపిల్ల కూడా అంతే. పెద్దమ్మను చేసింది ఇదొక్కతే.

"ఏంటి పెద్దమ్మా ఇవి? మూడు ఉన్ని లాగులా? బెర్గెన్‌లో ఇవేసుకుంటే ఉడికి చస్తావ్!"

"మరి ఏం పెట్టుకోవాలి?"

"అక్కడ రోజూ వానేనట. గొడుగు పెట్టుకో."

"గొడుగు లేదు."

"ముప్పై ఏళ్లకి ఒక్క గొడుగు కొనుక్కోలేదా?"

"ఒకటి ఉండేది. రెండోరోజే సముద్రం దాటిపోయింది. దానిమీద నాకు కోపం లేదు, అదైనా చెప్పాపెట్టకుండా పోయింది."

మాలై నవ్వలేదు. ఉన్ని లాగులన్నీ తీసి మంచం మీద పడేసింది. టోపీలు తీసేసింది. చేతి తొడుగులు తీసేసింది. ముఖానికి కట్టుకునే గుడ్డలు, బూట్ల ముళ్లు, నుదుటి దీపం, అన్నీ తీసేసింది. చివరికి సూట్‌కేసులో ఒక గౌను, రెండు జతల సాక్సులు, మా అమ్మ ఫొటో మిగిలాయి.

"అయిపోయిందా?" అన్నాను.

"అక్కడికి ఇంతకంటే ఏం కావాలి పెద్దమ్మా?"

ఇంత వయసొచ్చాక తెలిసింది. ఈ దీవికి రావడానికి లోకమంతటికీ జాబితా రాసిన నాకు, ఇక్కడి నుంచి పోవడానికి ఏం తీసుకెళ్లాలో ఒక్కటి కూడా రాయడం చేతకాలేదు. పోయినవాళ్లెవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఆలోచించి ఉండేదాన్ని. హల్వార్ ఏం పట్టుకెళ్లాడో, టూరిడ్ ఏం పట్టుకెళ్లిందో! వాళ్లు నేను రాకముందే వెళ్లారు సరే, నా కళ్లముందు వెళ్లినవాళ్లకైనా అందరితో కలిసి చెయ్యి ఊపి, వాళ్ల కోటు లోపలికి తెచ్చి తగిలించానే గానీ, ఉత్త చేతులతో వెళుతున్నారన్నది నా బుర్రకి తట్టలేదు.

ఎర్ర కోటు అస్తరు మీద నా పేరు రాశాను. కలం మాలైకి ఇచ్చాను. ఇక కోటు దానిది, వసారా దానిది. నా తర్వాత బూట్లు విప్పించేది అదే. దాన్ని ఐవిన్‌కి సిఫారసు చేసింది నేనే. మాలై కలానికి మూత పెట్టి తిరిగి నా జేబులో పడేసింది.

"నేను రాయను. రాసినవాళ్లంతా వెళ్లిపోయారు" అంది.

"రాయకపోయినా పంపిస్తారే పిచ్చిదానా" అన్నాను. తర్వాత ఇద్దరం ముక్కులు చీదుకున్నాం. చలికే అనుకోండి.

ఇప్పుడు మీకు అనుమానం వస్తుంది. "ముసలమ్మా, జాబితా వరమని మొదలుపెట్టి ఏడుపులోకి దించావేం?" అని. లేదు! నేను మొదటి మాట మీదే నిలబడ్డాను. జాబితా వరమే. ఎందుకంటారా?

ఈ దీవి పద్ధతి ఒకసారి చూడండి. మీరు ఎవరైనా కావచ్చు, ఏ దేశం వాళ్లైనా కావచ్చు. నిలబడలేకపోయినా, సాక్సుకు చిల్లున్నా, చీజ్ చాకుతో ఎలుగుబంటిని కొడదామని వచ్చినా ఎవరూ కాదనరు. అతిథి వయసెంతని ఎవరూ అడగరు. మెట్ల మీద జారితే నలుగురు పరుగెత్తుకొచ్చి పట్టుకుంటారు, పైగా వేడి వేడి చాక్లెట్ ఇస్తారు. ఎవరూ జారకుండా ముప్పై ఒక్క ఏళ్లు ఆ మెట్లు కడిగినవాళ్లకే ఇక్కడ చోటు లేదు. అంటే తప్పు ముసలితనానిది కాదు, కాపురానిది! అతిథిగా ఉంటే నూరేళ్లైనా పర్వాలేదు, రెండేసి రోజుల చొప్పున.

కాబట్టి నేను ఉత్తమోత్తముల్లో కలిశాను. నిన్న సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, పాత రోప్‌వే గెస్ట్‌హౌస్‌లో, నవంబర్ ఏడున, రెండు రోజులకు, గున్‌వోర్ అనే పేరు మీద గది తీసుకున్నాను. మీట నొక్కిన నిమిషంలో జవాబొచ్చింది. మనిషి పంపింది కాదు, దానంతట అదే వచ్చేది.

"ప్రియమైన అతిథీ, మా దీవికి స్వాగతం! మీరు ఇంత చలి ప్రదేశానికి రావడం ఇదే మొదటిసారి కావచ్చు. కంగారు పడకండి. ఈ కింది నలభై ఏడు వస్తువులూ వెంట తెచ్చుకుంటే ఇక్కడ మీకు ఏ లోటూ ఉండదు. బూట్లు వసారాలో విప్పగలరు. మీ కోసం ఎదురుచూస్తూ, గున్‌వోర్."

ఏ లోటూ ఉండదట! ఎంత ధైర్యంగా రాశానో చూడండి.

కూర్చుని మొదటి నుంచి చదివాను. ఒకటో వస్తువు, దళసరి కోటు. ఇచ్చేశాను. రెండు నుంచి పది దాకా ఉన్ని బట్టలు, మాలై తీసేసింది. పదకొండు, సాక్సులు నాలుగు జతలు. రెండున్నాయి. ముప్పై రెండు, చీజ్ చాకు. రెండు వందల పన్నెండు గోడకు వేలాడుతున్నాయి. అవి దీవివి, నావి కావు. బెర్గెన్‌లో దిగగానే ఒకటి కొనుక్కోవాలి. ముప్పై మూడు, కొంచెం ఓపిక. అది నా దగ్గర ఎప్పుడూ లేదు. నవంబర్ ఏడుకి ఇంకా చాలా రోజులున్నాయి.

మాలైకి మాత్రం నాలుగు మాటలు ఇక్కడే రాసి పెడుతున్నాను. నోటితో చెబితే మధ్యలో అడ్డొస్తుంది.

మాలై, ఏడో తేదీన ఒక ముసలమ్మ వస్తుంది. ఎంత బతిమాలినా బూట్లు విప్పించు, మొహమాటపడకు. చీజ్ చాకు ఇస్తుంది. రెండు చేతులతో, తల వంచి పుచ్చుకో. పల్చటి వానకోటుతో వణుకుతూ ఉంటుంది, ఆ ఎర్ర కోటు కాసేపు భుజాల మీద వెయ్యి. సాక్సుకు చిల్లుంటే చూడనట్టు ఊరుకో. సైజు ముప్పై ఎనిమిది. రెండో ప్రశ్న మాత్రం అడక్కు.